రూటర్ వెనక తంతి

మొన్న రాత్రి డల్లాస్‌లో మా ఆఫీసు రూటర్ మొరాయించింది. నెట్‌వర్క్ దారి మూసుకుపోయాక మిగిలింది కన్సోల్ పోర్టు ఒక్కటే. కేబుల్ తగిలించి, అలవాటుగా వేగం 9600 పెట్టాను. తెర నిండా పిచ్చి గుర్తులు! ఒక్కొక్క వేగమే మార్చి చూస్తే, 115200 దగ్గర అక్షరాలు కనిపించాయి. ఎవరో మార్చి, ఎక్కడా రాసిపెట్టలేదు.

‘బాడ్’ అనే ఆ కొలత ఫ్రెంచి తంతి ఇంజనీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చింది. ఆయన పేరు మీద ఉన్న పద్ధతిలో అక్షరానికి ఐదు సంకేతాలు. ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. 110 బాడ్ టెలిటైపుకి అక్షరం అక్షరానికీ రెండు స్టాప్ బిట్లు కావాలి, లోపలి ఇనుప భాగాలు కుదురుకోవడానికి. మన రూటర్‌కి ఒకటి చాలు. గడియారపు తీగ లేదు కనుక రెండు కొసలూ వేగం ముందే ఒప్పుకోవాలి. ఆ నియమం మారలేదు.

మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది. తంతి మర్యాద మాత్రం ఈ కేబుల్లో ఇంకా ఉంది. అందుకే ఈసారి వేగం చీటీ మీద రాసి, రూటర్‌కి అంటించి వచ్చాను.