ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సైక్లింగ్: యమునా తీరంలో చెక్క ట్రాక్, నోయిడా దారిలో కాలంతో పరుగు

2010 అక్టోబరు 3 నుంచి 14 వరకు ఢిల్లీలో జరిగిన 19వ కామన్వెల్త్ క్రీడల్లో భారత్ 38 స్వర్ణాలతో సహా మొత్తం 101 పతకాలు గెలుచుకుని పట్టికలో ఆస్ట్రేలియా తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఈ క్రీడల చరిత్రలో మన దేశానికి అది అత్యుత్తమ ప్రదర్శన. షూటింగ్, కుస్తీ, విలువిద్య, బాక్సింగ్ వంటి అంశాల్లో జాతీయ గీతం పదేపదే వినిపించింది. అయితే 18 స్వర్ణాలకు పోటీ జరిగిన సైక్లింగ్‌లో మాత్రం ఆతిథ్య దేశానికి ఒక్క పతకమూ దక్కలేదు. ప్రతి ఇంటా సైకిల్ కనిపించే దేశంలో పోటీ సైక్లింగ్ ఎంత వెనుకబడి ఉందో ఆ ఫలితం చూపింది. ఆ క్రీడల కోసం కట్టిన వేదికే తరువాతి దశాబ్దంలో కొత్త తరం సైక్లిస్టులకు సాధనశాలగా మారింది.

ఢిల్లీతో పాత అనుబంధం

అంతర్జాతీయ సైక్లింగ్ పోటీలు ఢిల్లీకి కొత్త కాదు. 1951లో ఇక్కడ జరిగిన తొలి ఆసియా క్రీడల్లో పోటీ జరిగిన కొద్దిపాటి క్రీడాంశాల్లో సైక్లింగ్ ఒకటి. 1982 ఆసియా క్రీడల సమయంలో యమునా నది ఒడ్డున, ఇందిరాగాంధీ స్టేడియానికి సమీపంలో ఆరుబయట కాంక్రీట్ వెలోడ్రోమ్ నిర్మించారు. కామన్వెల్త్ క్రీడల్లోనూ సైక్లింగ్‌కు సుదీర్ఘ చరిత్ర ఉంది. 1934 క్రీడల్లో సైక్లింగ్ ప్రవేశించింది. మహిళలకు మాత్రం 1990 ఆక్లాండ్ క్రీడల వరకు అవకాశం రాలేదు.

2010 నాటికి అంతర్జాతీయ ప్రమాణాలు పూర్తిగా మారిపోయాయి. పైకప్పు కింద, చెక్క పలకలతో, 250 మీటర్ల చుట్టుకొలతతో ఉండే ట్రాక్ తప్పనిసరి అవసరమైంది. అందుకే ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలో కొత్త ఇండోర్ వెలోడ్రోమ్ కట్టారు. దేశంలో ఈ తరహా చెక్క ట్రాక్ అదే మొదటిది. అప్పటిదాకా మన సైక్లిస్టుల సాధన ఆరుబయట కాంక్రీట్ ట్రాక్‌లపైనే సాగింది. ఎండ, వాన, గాలి, గరుకు నేల మధ్య నేర్చుకున్న వేగానికీ చెక్క ట్రాక్ కోరే వేగానికీ చాలా తేడా ఉంటుంది. ఏళ్ల తరబడి చెక్కపైనే తిరిగిన ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, న్యూజిలాండ్ క్రీడాకారులతో మనవారు తలపడిన పరిస్థితి అది.

వెలోడ్రోమ్‌లో ఏం జరుగుతుంది

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు. గేరు ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉండాలి. మలుపుల వద్ద ట్రాక్ 40 డిగ్రీలకు పైగా వాలి ఉంటుంది. వేగం తగ్గితే సైకిల్ కిందికి జారిపోతుంది. కాబట్టి ఆ వాలుపై నిలదొక్కుకోవడానికి వేగమే ఆధారం.

ఢిల్లీలో ట్రాక్ విభాగంలో పురుషులకు 8, మహిళలకు 6 కలిపి 14 పోటీలు జరిగాయి. స్ప్రింట్‌లో ఇద్దరు సైక్లిస్టులు తలపడతారు. తొలి చుట్టులో దాదాపు నడక వేగంతో ఒకరినొకరు గమనిస్తూ కదులుతారు. ముందున్నవారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనుకనున్నవారికి శ్రమ తగ్గుతుంది కనుక ఎవరూ తొందరపడరు. చివరి 200 మీటర్లలో అసలు పోరు మొదలవుతుంది. కైరిన్ పోటీ జపాన్‌లో పుట్టింది. మోటారు వాహనం ముందు వెళుతూ క్రమంగా వేగం పెంచుతుంది. అది ట్రాక్ నుంచి తప్పుకోగానే వెనుక వరుసలో ఉన్నవారంతా ఒక్కసారిగా గమ్యం వైపు దూసుకుపోతారు.

పర్స్యూట్‌లో ఇద్దరు పోటీదారులు ట్రాక్‌కు ఎదురెదురు వైపుల నుంచి బయలుదేరి ఒకరినొకరు తరుముతారు. టీమ్ పర్స్యూట్‌లో నలుగురు సభ్యులు వంతులవారీగా ముందుకు వచ్చి గాలిని ఎదుర్కొంటారు. మూడో సభ్యుడు గీత దాటిన క్షణమే జట్టు సమయంగా లెక్కకు వస్తుంది. పాయింట్ల రేసులో నిర్ణీత చుట్లకొకసారి ముందున్నవారికి పాయింట్లు లభిస్తాయి. తోటివారిపై పూర్తి చుట్టు ఆధిక్యం సాధిస్తే అదనంగా 20 పాయింట్లు చేరతాయి. స్క్రాచ్ రేసులో లెక్కలేవీ ఉండవు. చివరి గీతను ముందుగా దాటినవారే విజేత. ఇవికాక జట్టు స్ప్రింట్, పురుషులకు కిలోమీటరు, మహిళలకు 500 మీటర్ల టైమ్ ట్రయల్ కూడా నిర్వహించారు.

ఆస్ట్రేలియా ఆధిపత్యం

అక్టోబరు 5 నుంచి 8 వరకు నాలుగు రోజులపాటు జరిగిన ట్రాక్ పోటీల్లో ఆస్ట్రేలియా 14 స్వర్ణాల్లో 12 గెలుచుకుంది. అన్నా మియర్స్ స్ప్రింట్, 500 మీటర్ల టైమ్ ట్రయల్, జట్టు స్ప్రింట్‌లలో మూడు స్వర్ణాలు సాధించారు. జట్టు స్ప్రింట్‌లో ఆమెకు తోడుగా నిలిచినవారు కార్లీ మెకల్లక్. పురుషుల్లో కామెరాన్ మేయర్ పాయింట్ల రేసు, స్క్రాచ్ రేసు, టీమ్ పర్స్యూట్‌లలో స్వర్ణాలు అందుకున్నారు. వ్యక్తిగత పర్స్యూట్‌లో జాక్ బాబ్రిడ్జ్, స్ప్రింట్‌లో షేన్ పెర్కిన్స్, కిలోమీటరు పోటీలో స్కాట్ సండర్లాండ్ విజేతలుగా నిలిచారు. మహిళల పాయింట్ల రేసు, స్క్రాచ్ రేసు రెండింటిలోనూ మేగన్ డన్ స్వర్ణాలు గెలిచారు.

ఆస్ట్రేలియా చేతికి చిక్కనివి రెండే. మహిళల వ్యక్తిగత పర్స్యూట్‌లో న్యూజిలాండ్‌కు చెందిన అలిసన్ షాంక్స్, పురుషుల కైరిన్‌లో మలేసియాకు చెందిన జోసయా ఎన్‌గ్ స్వర్ణాలు సాధించారు. ఆసియా దేశం ఒకటి ట్రాక్‌పై అగ్రస్థానంలో నిలవడం ఆ రోజుల్లో మన క్రీడా వర్గాలు గమనించవలసిన విషయం. ప్రణాళిక, ఓర్పు ఉంటే ఈ క్రీడలో యూరప్, ఆస్ట్రేలియాలతో పోటీపడటం అసాధ్యం కాదని మలేసియా విజయం తెలిపింది.

ఈ పోటీలకు కొందరు ప్రముఖులు రాలేదన్నదీ నిజమే. స్కాట్లాండ్‌కు చెందిన క్రిస్ హోయ్, ఇంగ్లండ్‌కు చెందిన విక్టోరియా పెండిల్టన్ ఢిల్లీకి దూరంగా ఉన్నారు. అయినా మియర్స్ గెలుపును తక్కువగా చూడటానికి వీల్లేదు. రెండేళ్ల తరువాత లండన్ ఒలింపిక్స్ స్ప్రింట్ ఫైనల్‌లో ఆమె అదే పెండిల్టన్‌ను ఓడించి స్వర్ణం గెలిచారు.

ఇండియా గేట్ నుంచి నోయిడా వరకు

రోడ్డు పోటీలు అక్టోబరు 10న ఇండియా గేట్, రాజ్‌పథ్ పరిసరాల్లో మొదలయ్యాయి. ప్రస్తుతం కర్తవ్య పథ్‌గా పిలుస్తున్న ఆ మార్గం ఏటా గణతంత్ర దినోత్సవ కవాతుకు వేదిక. ఆ రోజు మాత్రం సైకిళ్లకు దారి ఇచ్చింది. కొండలు, ఎత్తులు లేని ఢిల్లీ రోడ్లపై అసలు పరీక్ష ఎండ, ఓర్పులదే. ఇలాంటి చదునైన మార్గంలో చివరి క్షణపు వేగం గలవారికే అవకాశాలెక్కువ. పురుషుల రేసులో ఆస్ట్రేలియాకు చెందిన అలన్ డేవిస్ స్వర్ణం, న్యూజిలాండ్‌కు చెందిన హేడెన్ రౌల్‌స్టన్ రజతం, స్కాట్లాండ్‌కు చెందిన డేవిడ్ మిల్లర్ కాంస్యం గెలిచారు. మహిళల రేసులో ఆస్ట్రేలియాకు చెందిన రోషెల్ గిల్మోర్ మొదటి స్థానంలో, ఇంగ్లండ్‌కు చెందిన లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్ రెండో స్థానంలో నిలిచారు.

అక్టోబరు 13న టైమ్ ట్రయల్ పోటీలు ఢిల్లీ సరిహద్దు దాటి ఉత్తరప్రదేశ్‌లోకి అడుగుపెట్టాయి. నోయిడా–గ్రేటర్ నోయిడా ఎక్స్‌ప్రెస్‌వేను వాహనాలకు మూసి సైక్లిస్టులకు అప్పగించారు. టైమ్ ట్రయల్‌లో పోటీదారులు ఒకరి తరువాత ఒకరుగా బయలుదేరతారు. ఎవరి వెనుకా దాక్కునే వీలుండదు. గాలి, గడియారమే ప్రత్యర్థులు. 40 కిలోమీటర్ల దూరాన్ని 48 నిమిషాలలోపే ముగించి డేవిడ్ మిల్లర్ స్వర్ణం గెలిచారు. అంటే సగటు వేగం గంటకు 50 కిలోమీటర్లకు పైమాటే. నిషేధిత ఉత్ప్రేరకాల వాడకం కారణంగా 2004లో నిషేధానికి గురై, తిరిగి వచ్చాక ఉత్ప్రేరకాలకు వ్యతిరేకంగా గళమెత్తిన క్రీడాకారుడాయన. మహిళల పోటీలో కెనడాకు చెందిన టారా విట్టెన్ విజేతగా నిలిచారు. మొత్తం 18 స్వర్ణాల్లో 14 ఆస్ట్రేలియాకు, మిగిలిన నాలుగు న్యూజిలాండ్, మలేసియా, స్కాట్లాండ్, కెనడాలకు ఒక్కొక్కటిగా దక్కాయి.

క్రీడల తరువాత

భారీ క్రీడోత్సవాల కోసం కట్టిన వేదికలు ఆ తరువాత తాళాలు పడి పాడవడం ప్రపంచమంతటా కనిపించే సమస్య. ఇందిరాగాంధీ వెలోడ్రోమ్‌కు ఆ గతి పట్టకపోవడమే ఈ కథలోని మంచి మలుపు. 2013లో ఆసియా సైక్లింగ్ ఛాంపియన్‌షిప్‌కు ఇది వేదికైంది. అదే ఏడాది నుంచి ట్రాక్ ఆసియా కప్ పోటీలు కూడా ఇక్కడ జరిగాయి. భారత క్రీడా ప్రాధికార సంస్థ, భారత సైక్లింగ్ సమాఖ్యల ఆధ్వర్యంలో జాతీయ శిక్షణ ఇక్కడే కేంద్రీకృతమైంది. దూరప్రాంతాల నుంచి ఎంపికైన బాలబాలికలు ఆ చెక్క ట్రాక్ పక్కనే ఉంటూ సాధన చేశారు.

ఫలితాలు నెమ్మదిగా వచ్చాయి. 2004 సునామీ నుంచి బయటపడిన అండమాన్ నికోబార్ యువతి దెబోరా హెరాల్డ్ 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగ్స్‌లో నాలుగో స్థానానికి చేరారు. అదే ద్వీపాలకు చెందిన ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కైరిన్‌లో రజతం గెలిచారు. 2019లో జర్మనీలో భారత జూనియర్ జట్టు టీమ్ స్ప్రింట్‌లో ఏకంగా ప్రపంచ విజేతగా నిలిచింది. 2022 జూన్‌లో ఢిల్లీ వెలోడ్రోమ్‌లోనే జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్ సీనియర్ స్ప్రింట్‌లో రజతం సాధించారు. పన్నెండేళ్ల కిందట మనవారు వెనుకబడిపోయిన ట్రాక్ అదే.

మిగిలిన దూరం

ఇంకా సాధించవలసింది చాలా ఉంది. ఒలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ చివరిసారిగా పాల్గొన్నది 1964 టోక్యోలో. జూనియర్ స్థాయిలో మెరిసినవారు సీనియర్ స్థాయిలో నిలబడాలంటే విదేశీ పోటీలు, ఖరీదైన సైకిళ్లు, నిపుణులైన శిక్షకులు, నిరంతర మద్దతు అవసరం. మరోవైపు రాష్ట్రాల్లో ఉన్నవి చాలావరకు ఆరుబయట కాంక్రీట్ ట్రాక్‌లే. 2002 జాతీయ క్రీడల సందర్భంగా హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ వెలోడ్రోమ్ అందుబాటులోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల పిల్లల్లో ప్రతిభ ఉన్నవారు ప్రపంచస్థాయి చెక్క ట్రాక్‌పై సాధన చేయాలంటే ఇల్లు వదిలి ఢిల్లీ వంటి కేంద్రాలకు వెళ్లక తప్పని స్థితి. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం ప్రారంభమైంది. సైకిల్ తొక్కే అలవాటు పెరగడానికి ఇది దోహదం చేస్తుంది. అయితే అలవాటు వేరు, పోటీ సాధన వేరు.

2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ట్రాక్ సైక్లింగ్‌కు చోటు దక్కింది. 2030లో ఈ క్రీడలకు నూరేళ్లు నిండుతాయి. ఆ శతవార్షిక క్రీడలకు అహ్మదాబాద్ ఆతిథ్యమివ్వనుంది. మళ్లీ స్వదేశంలో క్రీడలు జరగనున్న వేళ ఢిల్లీ అనుభవం ఒక పాఠం చెబుతోంది. వేదిక ఎంత గొప్పదైనా పోటీలకు కొద్ది నెలల ముందు సిద్ధమైతే దాని ఫలం అతిథులకే దక్కుతుంది. ఏళ్ల ముందే పిల్లల చేతికి అప్పగిస్తే ఆ ఫలం మనవారికీ అందుతుంది.