గిది పాటనా, సాంచానా?

మాది జగిత్యాల జిల్లా బుగ్గారం. మా బాపు 20 ఏండ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపిండు. ఓ రోజు నేను ఫోన్‌ల డెత్ మెటల్ పెడితే, "గిది పాటనా, సాంచానా?" అన్నడు. అప్పుడు నవ్విన గానీ, ఆయన అన్నది తప్పు కాదు.

డెత్ మెటల్‌లో డ్రమ్మర్ ఊపిరి ఆడకుండా కొట్టేదాన్ని బ్లాస్ట్ బీట్ అంటరు. అచ్చం సాంచా లెక్కనే. 1991లో న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ బ్యాండ్ సఫొకేషన్ తొలి పూర్తి ఆల్బమ్ తెచ్చింది. అందులో పాట అంత స్పీడుల ఉరికి ఉరికి, ఒక్కసారి సగానికి పడిపోతది. గిటార్ తీగలను అరచేత్తో నొక్కిపట్టి, బరువుగా, ఆగి ఆగి కొడతరు. స్లామ్ అంటే ఆ దెబ్బే. అక్కడిదే ఇంటర్నల్ బ్లీడింగ్ ఆ దెబ్బ మీదనే పాటలు కట్టింది.

1995లో డాలస్‌లో, అదే మనోళ్లు మస్తుమంది ఉండే డాలస్‌లో, డెవోర్‌మెంట్ మొదలైంది. 1999 ఆల్బమ్‌లో వాళ్లు గొంతును మోరీల నీళ్లు గురగురమన్నట్టు కిందికి దించిన్రు. ఒక్క మాట అర్థం కాదు. అర్థం కాకుంటేనే మంచిది కూడా; ఈ జానర్‌లో ఆడోళ్ల మీద రాసే రోత రాతలు నాకు అస్సలు నచ్చవు.

మన దేశంలో 2007లో ముంబైలో గట్‌స్లిట్ పుట్టింది. 2013 తొలి ఆల్బమ్‌లో స్లామే ముందుంటది. 2017లో 'ఆంప్యుథియేటర్' వచ్చేసరికి స్పీడు, గిటార్ పనితనం పెరిగినయ్.

మరి మన హైదరాబాద్? గాడ్‌లెస్ ఉంది. స్లామ్ కాదు, థ్రాష్ కలిసిన డెత్ మెటల్. 2016లో, మా బుగ్గారం మండలం అయిన ఏడే, తొలి ఈపీ వచ్చింది. 2018లో 'స్వార్మ్', 2021లో పూర్తి ఆల్బమ్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'. వాళ్లది ఎక్కువ ఉరుకుడే.

బాపుకు ఇప్పుడు పిట్ట కూత వినబడదు, ఫోన్ రింగు వినబడదు. ఏండ్లకేండ్లు సాంచాల సప్పుడు వింటే సన్న శబ్దాలే ముందు పోతయ్, లోతైనవి కొంతకాలం మిగులుతయ్. మొన్న పెద్ద స్పీకర్ల డెవోర్‌మెంట్ పెట్టిన. బ్లాస్ట్ బీట్ కాడ ఆయన అటు చూడనే లేదు. స్లామ్ పడంగనే మంచం పట్టె మీద వేలితో దెబ్బ కలిపిండు.

"గిది డప్పు" అన్నడు.

సౌండ్ పెంచుమన్నడు. నేను పెంచలే.