తాళం చెవి లేకుండా

1851లో లండన్‌లో పెద్ద గాజు భవనం కట్టి బ్రిటిష్ వాళ్ళు జరిపిన మహా ప్రదర్శనలో జనం ఎగబడి చూసిన వస్తువుల్లో కోహినూరు ఒకటి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే ఆ వజ్రాన్ని బంగారు పూత పూసిన పంజరం లాంటి పెట్టెలో పెట్టారు. పెట్టె చేసింది చబ్ కంపెనీ. చబ్ తాళం అంటే ఆనాటి ఇంగ్లండులో తిరుగులేని తాళం. అదే ప్రదర్శనకి అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే బోస్టన్ మనిషి, న్యూయార్క్ డే అండ్ న్యూవెల్ కంపెనీ వారి తాళం చూపించుకుందామని వచ్చాడు. ఆయన వజ్రం జోలికి పోలేదు. తాళం జోలికి పోయాడు.

హాబ్స్ సంగతి నేను వెతికి చదవడానికి కారణం మా వదిన. వాళ్ళబ్బాయి వర్జీనియాలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడికో సరదా. పాత తాళాలు కొనుక్కొచ్చి, చెవి లేకుండా తీయడానికి కావలసిన సన్నటి పనిముట్లు తనే ఆకురాయితో అరగదీసి తయారుచేసుకుంటాడు. "ఇంజనీరు అవుతాడనుకుంటే దొంగ విద్య నేర్చుకుంటున్నాడు. నువ్వైనా చెప్పవయ్యా!" అని వదిన ఫోను.

దొంగ విద్య మన సాహిత్యానికి కొత్తేమీ కాదు. మృచ్ఛకటికంలో శర్విలకుడు కన్నం వేయబోతూ కొలతాడు మరిచిపోయి, జంధ్యంతో కొలుచుకుంటాడు. దండి దశకుమార చరిత్రలో అపహారవర్మ రాత్రి పనికి పట్టుకెళ్ళిన సామానులో కన్నపుగోల, పట్టుకారు, కొలతాడు, చివరికి దీపాలార్పడానికి పురుగుల డబ్బీ కూడా ఉన్నాయి. ఆ పుస్తకాన్ని కేతన తెలుగు చేసి సాక్షాత్తూ తిక్కనకు అంకితమిచ్చాడు. ఈ మాట వదినకు చెప్తే, "తిక్కన గారి అబ్బాయి వర్జీనియాలో చదవలేదుగా" అంది. నిజమే.

హాబ్స్ దగ్గరికి వద్దాం. చబ్ తాళంలో లోపల కొన్ని రేకులుంటాయి. సరైన చెవి ఒక్కో రేకునూ కావలసినంత ఎత్తుకే లేపుతుంది. ఎవరైనా దొంగ పనిముట్టు పెట్టి ఏ రేకునైనా మోతాదు మించి లేపారా, తాళం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి చెవి తిప్పగానే ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. 1818లో ఈ తాళానికి పేటెంటు వచ్చాక, జైలు ఓడలో ఉన్న ఒక ఖైదీకి దీన్నిచ్చి, తీస్తే శిక్ష మాఫీ అన్నారు. ఖైదీ కాకముందు అతను తాళాలు చేసేవాడే. నెలల తరబడి కుస్తీపట్టి, చేతులెత్తేశాడు. దాన్ని హాబ్స్ 1851 జులైలో, వెస్ట్‌మినిస్టర్‌లో ఒక ఇంట్లో, సాక్షుల ఎదుట 25 నిమిషాల్లో తీశాడు. మళ్ళీ 7 నిమిషాల్లో ఏమీ ఎరగనట్టు వేసి చూపించాడు.

ఆ వెంటనే బ్రామా తాళం. పికడిల్లీలో బ్రామా వారి దుకాణం కిటికీలో 1790 నుంచీ ఒక తాళం, దాని మీద ఒక సవాలు ఉండేవి. దీన్ని తీయగల పరికరాన్ని తయారుచేసిన 'ఆర్టిస్టు'కి 200 గినీలు. గమనించండి, దొంగ అనలేదు. పనితనం తెలిసినవాడు అన్న అర్థంలో ఆర్టిస్టు అన్నారు. అడిగింది కూడా పరికరాన్నే. తాళంలో 18 కడ్డీలు, వేటికవి లోపలికి జరగవలసిన లోతు వేరు. అరవై ఏళ్ళు ఎవరి వల్లా కాలేదు. హాబ్స్ దుకాణం పైగదిలో కూర్చుని, తను తయారుచేసుకున్న పనిముట్లు తాళానికి బిగించి, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు పనిచేసి తీశాడు. అన్నాళ్ళు పనిముట్టు తాళానికే బిగించి ఉంచడం న్యాయం కాదని బ్రామా వారు పేచీ పెట్టారు. పంచాయతీ పెద్దలు హాబ్స్ పక్షమే చెప్పారు, డబ్బు ముట్టింది. 51 గంటలు ఏ దొంగకూ దొరకవన్న బ్రామా వారి వాదనలో న్యాయం లేకపోలేదు. కాని వాళ్ళు కిటికీలో రాసుకున్న సవాలులో గంటల లెక్క లేదు.

పత్రికల్లో పెద్ద గొడవ. ఇలాంటివి బయట పెడితే దొంగలకు పాఠం చెప్పినట్టు కాదా అని. హాబ్స్ పేరుతో 1853లో వచ్చిన తాళాల పుస్తకంలో దానికి జవాబుంది. దొంగలకు వాళ్ళ వృత్తి మనం నేర్పక్కర్లేదు, తెలియనివాళ్ళల్లా ఆ తాళాన్ని నమ్ముకున్న అమాయకులే అని దాని సారాంశం. ఆ వాదన హాబ్స్‌కూ వర్తించింది. ఆయన అమ్మ వచ్చిన న్యూవెల్ తాళాన్ని కొన్నేళ్ళకే లైనస్ యేల్ అనే మరో అమెరికన్ తీసేశాడు. ఈ యేల్ ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళం సూత్రాన్ని పట్టుకుని 1860లలో పేటెంట్లు తీసుకున్నాడు. ఇవాళ అమెరికాలో మన ఇళ్ళ వీధి తలుపులకు ఎక్కువగా ఉండేది ఆ జాతి తాళమే.

తర్వాతి వందేళ్ళలో మారనిది తాళం యజమాని స్వభావం. లాస్ అలమోస్‌లో అణుబాంబు రోజుల్లో రిచర్డ్ ఫైన్‌మన్ కాలక్షేపానికి రహస్య కాగితాల బీరువాలు తెరిచేవాడు. ఓక్ రిడ్జ్‌లో ఒక కల్నల్‌కి, బీరువా తలుపు తీసి ఉంచితే దాని అంకెలు ఎలా పట్టుబడతాయో చూపించాడు. తలుపులు మూసి ఉంచుకోండని ఆ కల్నల్ ఎవరికీ చెప్పలేదు. ఫైన్‌మన్ మీ గదిలోకి వచ్చి ఉంటే అంకెలు మార్చుకోమని ఉత్తర్వు వేశాడు! 2003లో మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, ఒకే మాస్టర్ చెవితో అన్ని గదులూ తీసే భవనాల్లో ఉన్న లోపాన్ని ప్రకటిస్తే, తాళాల వృత్తివారు మండిపడ్డారు. అబద్ధమని కాదు, మాకెప్పుడో తెలిసిందే, బయట ఎందుకు చెప్పావని. మరుసటి ఏడు క్రిప్టొనైట్ సైకిలు తాళాలు బాల్‌పెన్ను గొట్టంతో ఊడి వస్తాయని లోకానికి తెలిసింది. కంపెనీ వాటిని ఉచితంగా మార్చి ఇచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ తగాదా కొత్తగా ఉండదు.

మావాడి బల్ల మీద ప్రస్తుతం ఉన్నది మెడికో తాళం. 1968లో వర్జీనియాలోనే పుట్టింది. ఇందులో ప్రతి మేకూ సరైన ఎత్తుకు లేవడం చాలదు, సరైన కోణానికి తిరగాలి కూడా. మామూలు పనిముట్టు లేపుతుందే కాని తిప్పలేదు. అందుకని ఈ సరదా ఉన్నవాళ్ళు ఇంట్లోనే చేసుకుంటారు. కారు వైపర్లో ఉండే ఉక్కు రేకు, రంపం బ్లేడు, వీధులూడ్చే యంత్రం నుంచి రాలిపడిన ఉక్కు పుల్లలు వాళ్ళ ముడిసరుకు. మావాడు ఒక్క పనిముట్టు మీద నాలుగు వారాంతాలు పోశాడు. అయిదోసారి విరిగింది. పిల్లవాడికి ఇంత ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందా అని నాకు ఆశ్చర్యం. మా అన్నయ్యకైతే లేదు.

వదిన భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. ఈ దేశంలో ఎక్కువ రాష్ట్రాల్లో ఇలాంటి పనిముట్లు ఉండటం నేరం కాదు, దురుద్దేశం ఉంటేనే నేరం. కాని కొన్ని రాష్ట్రాల్లో దొంగతనానికి పనికొచ్చే పనిముట్లు దగ్గర దొరకడమే దురుద్దేశానికి ప్రాథమిక సాక్ష్యం. కాదని చూపుకోవలసిన బరువు మన మీద పడుతుంది. అలాంటి రాష్ట్రాల్లో వర్జీనియా ఒకటి. తెల్లవాడైన హాబ్స్ పనిముట్లు పట్టుకుని లండన్ వెళ్తే ఆర్టిస్టు అన్నారు. రాత్రి పదకొండింటికి హైవే పక్కన కారు ఆపించుకున్న మన పిల్లవాడిని ఏమంటారో ఎవరు చెప్పగలరు? వీసా మీద ఉన్నవాళ్ళకైతే చిన్న కేసయినా ఏళ్ళ తరబడి వదలదు.

అందుకే వాడితో మానేయమని అనలేదు, మూడు మాటలు అన్నాను. నీది కాని తాళం ముట్టుకోకు. వాడకంలో ఉన్న తాళం నీదే అయినా ముట్టుకోకు. పనిముట్లు ఇల్లు దాటి బయటికి రాకూడదు, కారులో అసలే వద్దు. మొదటి రెండూ ఈ సరదా ఉన్నవాళ్ళందరూ పాటించే నియమాలేనట, వాడే నాకు చెప్పాడు. మూడోదానికి కాస్త గొణిగాడు.

"సరే బాబాయ్, కాని ఊళ్ళో మన ధాన్యం కొట్టు తాళానికి చెవి పోయిందన్నావుగా, అది ఈసారి తీసుకురా" అన్నాడు. ఇత్తడిది, కిలో పైన తూగుతుంది. వదినకు ఇంకా చెప్పలేదు.