మూకుడు మసి, చుక్కల మందు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య నాది చిన్న మందుల షాపు. 1994లో తెరిచాను. చీటీ చేతికిచ్చి మందు అందుకునే ఆ రెండు నిమిషాల్లోనే నేను మనుషుల మొహాలు చూడడం నేర్చుకున్నాను. అలా ఇరవై ఏళ్ళ కిందట ఒక పెద్దాయన కుడికన్ను నా కంటపడింది.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. కుడికంట్లో నీటికాసులు, అంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే గ్లాకోమా. రాత్రి పడుకోబోయే ముందు ఒక్క చుక్క, ఆ ఒక్క కంట్లోనే వేసుకోమని డాక్టరు రాశారు. నెలనెలా వచ్చి సీసా తీసుకెళ్ళేవారు. ఆరేడు నెలలయ్యాక ఒకరోజు కళ్ళజోడు తీసి కండువా అంచుతో కుడి అద్దం తుడుస్తూ, "ఎప్పుడూ ఈ అద్దమే మసకబారుతుందేంటమ్మా?" అన్నారు. వంగి చూశాను. ఎడమకంటికి ఆ వయసులో ఉండేవే, పలచగా నెరిసిన రెప్ప వెంట్రుకలు. కుడికంటికి మాత్రం నల్లగా, ఒత్తుగా, కొసలు పైకి తిరిగి, పసిపిల్లాడి రెప్పల్లా ఉన్నాయి. రెప్ప కొట్టినప్పుడల్లా అవి అద్దాన్ని తాకి సన్నటి జిడ్డు గీతలు వదులుతున్నాయి. మాస్టారి మొహం మీద ఒక కన్ను డెబ్బైలో, ఒక కన్ను ఏడో ఏట ఉన్నట్టుంది.

తరతరాలుగా ఆడవాళ్ళు నూనెల్లో, మసిలో వెతుక్కున్నది అడగని మనిషికి మందు సీసాలో దొరికింది. ఇవాళ రెప్పలకీ కనుబొమలకీ సీరం పేరుతో అమ్మే గొట్టాల్లో పని చేసేవి చాలావరకు ఆ చుక్కల మందు చుట్టాలే. వాటిని నమ్మాలా వద్దా అని నా కౌంటర్ దగ్గర అడిగే ఆడపిల్లలకి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకే మొదటినుంచీ చెప్తాను.

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. కూతురు పురిటికి వస్తుందనగానే కాటుక పట్టేది. పాత నూలుగుడ్డని నందివర్ధనం పూల రసంలో తడిపి నీడన ఆరబెట్టేది. మళ్ళీ తడిపి, మళ్ళీ ఆరబెట్టి, మూడుసార్లయ్యాక వత్తి చేసేది. ప్రమిదలో ఆముదం పోసి, అటూ ఇటూ ఇటుకలు నిలబెట్టి, వాటి మీద కొత్త మూకుడు బోర్లించేది. రాత్రంతా దీపం మండితే తెల్లారేసరికి మూకుడు లోపల మెత్తటి మసి పట్టేది. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందని నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. తాటాకు ముక్కతో గీకి, రెండు చుక్కల ఆముదం వేసి వేలితో మెదిపి, భరిణెలో పెట్టేది. బిడ్డకి నీళ్ళు పోశాక, చూపుడువేలికి ఆముదం అద్దుకుని కనుబొమల మీద ముక్కు దగ్గర్నుంచి కణతవైపు రాసేది. "రోజూ ఇలా రాస్తే వింటిబద్దల్లా వస్తాయే" అనేది.

వచ్చేవి కూడా. కానీ రాయకపోయినా వచ్చేవే. పసిబిడ్డల కనుబొమలు నెలలు గడిచేకొద్దీ వాటంతటవే నల్లబడి తేరుకుంటాయి. ఆముదం చిక్కటి నూనె. వెంట్రుకని అంటిపెట్టుకుని నిగనిగలాడిస్తుంది, లావుగా చూపిస్తుంది, తేలిగ్గా తెగిపోనివ్వదు. కుదురులోకి దిగి కొత్తగా పెంచుతుందనడానికి మాత్రం ఋజువు లేదు.

సరిగ్గా ఇలాంటి మసీ జిడ్డే అమెరికాలో పెద్ద వ్యాపారానికి పునాది. 1915లో షికాగోలో టామ్ లైల్ విలియమ్స్ అనే కుర్రాడు రెప్పలకీ కనుబొమలకీ రాసుకునే లేపనం పోస్టులో అమ్మడం మొదలుపెట్టాడు. వంటింట్లో మంట ఎగసి అక్క మేబెల్ రెప్పలూ కనుబొమలూ కాలితే, ఆవిడ కాల్చిన బెరడు మసిని వాజలిన్‌లో కలిపి రాసుకుందనీ, అది చూసి తమ్ముడికి ఆలోచన వచ్చిందనీ వాళ్ళింటి కథ. మేబెల్‌నీ వాజలిన్‌నీ కలిపిందే మేబెలిన్ అన్న పేరు. తొలినాటి ఆ లేపనాన్ని ప్రకటనల్లో రెప్పలు, కనుబొమలు పెంచేదిగానే చెప్పుకున్నారు. నల్లగా చూపించడం వేరు, పెంచడం వేరు. అమ్మేవాళ్ళు ఈ రెండిటినీ ఒకటి చేయడం అప్పుడే మొదలైంది.

నల్లగా చూపించడంలోనూ ప్రాణాపాయం ఉంటుందని 1930ల్లో తేలింది. లాష్ లూర్ అనే రెప్పల రంగులో పారాఫినైలీన్ డయామీన్ జాతి రంగుమందు ఉండేది. వేయించుకున్నవాళ్ళలో కొందరికి కళ్ళు పుళ్ళుపడ్డాయి. ఒకావిడకి చూపు పోయింది, ఒకావిడ చనిపోయింది. అప్పటికి అమల్లో ఉన్న 1906 నాటి అమెరికా చట్టం ఆహారానికీ మందులకీ మాత్రమే వర్తించేది. ముస్తాబు సామాను దాని చేతికి అందదు. అధికారులకి ఆ సీసాల్ని అంగళ్ళ నుంచి తీయించే హక్కే లేదు. చేతులు కట్టేసినట్టున్న అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) అధికారులు అలాంటి సీసాల్నీ, దెబ్బతిన్న మొహాల ఫొటోల్నీ ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టారు. పత్రికలు దానికి 'భయానక గది' అని పేరు పెట్టాయి. 1938లో కొత్త చట్టం వచ్చింది. దాని కింద మొట్టమొదట పట్టుబడ్డ సరుకుల్లో లాష్ లూర్ ఒకటి.

ఆ చట్టం ఒక గీత గీసింది. అందంగా కనిపించడానికి పైపైన రాసుకునేది కాస్మెటిక్. శరీర నిర్మాణాన్ని, అది పని చేసే తీరుని మార్చడానికి వాడేది మందు. మన దేశంలో 1940 నాటి ఔషధాల చట్టంలోకి కాస్మెటిక్స్‌ని 1962 సవరణతో చేర్చారు. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదని మన నిబంధనలు చెప్తాయి. చార్మినార్ దగ్గర అమ్మే సుర్మాలాంటి వాటి సంగతి అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఇదే: సీసపు ఖనిజాన్ని నూరి చేసిన సుర్మాని పిల్లల కంటికి తాకనివ్వకండి.

ఇక మాస్టారి కుడికన్ను దగ్గరికి వద్దాం. కొలంబియా యూనివర్సిటీలో లాస్లో బిటో అనే శాస్త్రవేత్త ఉండేవాడు. హంగరీలో పుట్టి, 1956 తిరుగుబాటు విఫలమయ్యాక అమెరికా చేరినవాడు. ప్రోస్టాగ్లాండిన్లు అనే శరీర రసాయనాలు కంట్లో వాపునీ ఒత్తిడినీ పెంచుతాయని అప్పటిదాకా నమ్మకం. చిన్న మోతాదులో ఇస్తే ఒత్తిడి తగ్గుతుందని ఆయన జంతువుల మీద పరీక్షించి చూపాడు. ఆ దారిలోనే 1996లో లాటానోప్రోస్ట్, 2001లో బిమాటోప్రోస్ట్ నీటికాసులకి చుక్కలుగా వచ్చాయి. ఎందరి చూపునో కాపాడుతున్న మందులివి. 1997లో సియాటిల్ కంటి డాక్టరు మర్రే జాన్‌స్టోన్ ఒక వైద్య పత్రికలో రాశాడు: ఒక్క కంట్లోనే లాటానోప్రోస్ట్ వేసుకునే రోగులకి ఆ వైపు రెప్పలు మాత్రమే పొడుగై, లావై, నల్లబడుతున్నాయని. రెండో కన్ను పక్కనే ఉండబట్టి తేడా దాగలేదు. మా మాస్టారి మొహం మీద నేను చూసింది అదే.

అది జరిగే తీరు ఇదీ. తల వెంట్రుక ఏళ్ళ తరబడి పెరుగుతుంది. రెప్ప వెంట్రుక పెరిగే కాలం నెలా రెండు నెలలే, ఆ తరవాత ఆగి, రాలుతుంది. ఈ మందు ఆ పెరిగే కాలాన్ని సాగదీస్తుంది, నిద్రపోతున్న కుదుళ్ళని లేపుతుంది. 2008 డిసెంబరులో బిమాటోప్రోస్ట్‌నే రెప్పలు పలచబడ్డవాళ్ళకి లాటిస్ పేరుతో ఎఫ్‌డీఏ అనుమతించింది. అందుకు ఆధారమైన పరీక్షలో 278 మంది పదహారు వారాలు పాల్గొన్నారు. మందు రాసుకున్నవాళ్ళ రెప్పలు సగటున 1.4 మిల్లీమీటర్లు పెరిగాయి, మందు లేని ద్రవం రాసుకున్నవాళ్ళకి 0.1 మాత్రమే. నువ్వుగింజ అడ్డకొలత కూడా లేని ఆ పొడుగే కంటి తీరు మార్చేస్తుంది. కనుబొమల మీద పరీక్షల్లోనూ ఫలితం కనిపించింది గానీ, అనుమతి పై రెప్పల వరకే. మానేస్తే కొన్ని వారాల నుంచి నెలల్లో రెప్పలు మళ్ళీ పాత తీరుకి వస్తాయి.

పని చేసే మందుకి దుష్ఫలితాలూ ఉంటాయి. కొందరికి కళ్ళు ఎర్రబడి దురదపెడతాయి. రెప్పల చర్మం గోధుమరంగుకి తిరుగుతుంది, మానేస్తే చాలామందికి మెల్లగా తగ్గుతుంది. కనుపాప చుట్టూ ఉండే రంగు భాగం ముదిరితే మాత్రం మళ్ళీ వెనక్కి రాదు. చాలాకాలం చుక్కలు వేసుకున్నవాళ్ళలో కంటి చుట్టూ ఉండే కొవ్వు కరిగి, కళ్ళు లోతుకి పోయినట్టు కనిపించడమూ డాక్టర్లు చూస్తున్నారు.

ఇదంతా కాగితం మీద చదివినప్పటికంటే ఒక పెళ్ళికూతురి మొహం మీద చూసినప్పుడు నాకు బాగా తెలిసింది. పదేళ్ళ కిందట నేను షాపులో లేనప్పుడు ఒక అమ్మాయి వచ్చి బిమాటోప్రోస్ట్ చుక్కలు అడిగింది. డాక్టరు చీటీ లేదు. మా కుర్రాడు ఇచ్చేశాడు. రెండు నెలలకి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. రెప్పలు పొడుగయ్యాయి, నిజమే. కానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెప్పల అంచునా, మందు జారినచోటా గోధుమరంగు చార పడింది. "ముహూర్తం ఇంకా పదిహేను రోజులే ఆంటీ, ఇది పోతుందా?" అంది. అంత త్వరగా పోదని చెప్పలేక, కంటి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన మందు ఆపించారు. ఆ చార పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. తప్పు కుర్రాడిది కాదు, షాపు నాది. ఆ రోజునుంచి చీటీ లేకుండా ఆ సీసాలు నా సొరుగు దాటి పోవడం లేదు.

చీటీ అడిగే మందుల షాపు దాటుకుని రెప్పలు పెంచే ఆ గుణం సీరం గొట్టాల్లోకి ఎలా చేరిందో కూడా చరిత్రే. 2007 నవంబరులో, రెప్పల మందుకి ఇంకా అనుమతే రాకముందు, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కాస్మెటిక్ పేరుతో ఉన్న పన్నెండు వేలకి పైగా రెప్పల గొట్టాల్ని అధికారులు జప్తు చేశారు. వాటిలో బిమాటోప్రోస్ట్ ఉంది. 2011లో ఇంకో కంపెనీకి హెచ్చరిక ఉత్తరం వెళ్ళింది. ఈసారి గొట్టంలో ఉన్నది ఐసోప్రొపైల్ క్లోప్రోస్టెనేట్. 2022లో యూరప్ శాస్త్రీయ సలహా సంఘం, ఈ కుటుంబపు పదార్థాల్ని కంటి దగ్గర వాడే కాస్మెటిక్స్‌లో కలపడం ఆందోళన కలిగిస్తోందని తేల్చింది. అయినా అలాంటి గొట్టాలు ఇంకా అమ్ముడవుతున్నాయి.

మొన్న సంక్రాంతికి డల్లాస్ నుంచి వచ్చిన మా మేనకోడలి బ్యాగులో ఒకటి చూశాను. "డాక్టరు చీటీ అక్కర్లేదు అత్తా, కాస్మెటిక్కే" అంది. భూతద్దం తెచ్చి అట్టపెట్టె వెనక చదివాం. నీళ్ళు, గ్లిజరిన్, పాంథెనాల్, బయోటిన్, పెప్టైడ్లు. అన్నిటికీ కింద, ఆవగింజంత అక్షరాల్లో ఐసోప్రొపైల్ క్లోప్రోస్టెనేట్.

"మీ నాన్నని అడుగు, క్లోప్రోస్టెనాల్ అంటే తెలుస్తుంది" అన్నాను. మా తమ్ముడు పల్లెలో పాడి చూసుకుంటాడు. గేదె సమయానికి ఎదకు రాకపోతే పశువుల డాక్టరు వేసే ఇంజెక్షన్లలో అదొకటి. గర్భిణులు ఆ సీసా ముట్టుకోకూడదని లేబుల్ మీదే ఉంటుంది. గొట్టంలో ఉన్నది దాని దగ్గరి చుట్టం. మోతాదు చాలా చిన్నది, కానీ జాతి అదే. పిల్ల కాసేపు మాట్లాడలేదు. "మేం ఈ ఏడాది పిల్లల కోసం చూస్తున్నాం అత్తా" అంది. గొట్టం మూత బిగించి నా చేతిలో పెట్టింది.

ఈ నూరేళ్ళ కథలో నాకు తెలిసిన నిజం ఇది: రెప్పని నిజంగా పెంచేది మందు. హాని లేని ఆముదం, పాంథెనాల్, పెప్టైడ్లు వెంట్రుకని చక్కగా చూపిస్తాయి గానీ, ఆ మందు పెంచినట్టు పెంచుతాయన్న ఋజువు లేదు. పెంచడమూ, ఏ బాధ్యతా లేని కాస్మెటిక్‌గా ఉండడమూ ఒకే గొట్టంలో కుదరవు. అందుకే అడిగినవాళ్ళతో పెట్టెమీది పేర్లలో 'ప్రోస్ట్' అనే ముక్క వెతకమంటాను. ఉంటే కంటి డాక్టరుకి చూపించమంటాను, నీటికాసులకి వైద్యం చేయించుకునేవాళ్ళయితే తప్పకుండా. కాన్సర్ వైద్యంలో రెప్పలు రాలినవాళ్ళకి ఈ మందు నిజంగా మేలు చేయవచ్చు. అలాంటివాళ్ళని నేను ఆపను, డాక్టరు దగ్గరికి దారి చూపిస్తాను. కనుబొమల చివరలు ఊరికే రాలిపోతుంటే సీరం కొనే ముందు థైరాయిడ్ చూపించుకోవాలి, చర్మ డాక్టరుకి చూపించుకోవాలి. కుష్ఠు కూడా ఒక్కోసారి అక్కడే మొదట కనిపిస్తుంది.

మాస్టారి భార్య ఒకసారి ఆయనతో పాటు షాపుకి వచ్చారు. రెండు కళ్ళూ సమానంగా కనబడతాయి, ఎడమకంట్లో కూడా వేసుకోమని చెప్పమ్మా అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: "ఆ కన్ను బాగానే ఉందిగా. దానికెందుకే మందు?"