ఫైర్‌వాల్: గోడ నుంచి కాపలా దాకా

సంస్థలోని కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి, వచ్చే పోయే ప్రతి సమాచార ప్యాకెట్‌నూ పరీక్షించి, దారి ఇవ్వడమో ఆపేయడమో చేసే ఏర్పాటు ఫైర్‌వాల్. అది ర్యాక్‌లో బిగించిన పెట్టె కావచ్చు, సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ కావచ్చు. నలభై ఏళ్లు నిండని దీని చరిత్ర ఒక విషయాన్ని పదే పదే రుజువు చేసింది: పెట్టె కొనడంతో రక్షణ మొదలవుతుందే గానీ పూర్తి కాదు. రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి.

బయటి దారి లేని రోజులు

మన దేశంలో సామాన్యుడికి తెలిసిన తొలి పెద్ద కంప్యూటర్ వ్యవస్థ రైల్వే రిజర్వేషన్. సీఎంసీ సంస్థ తయారుచేసిన ‘ఇంప్రెస్’ 1985-86లో ఢిల్లీలో మొదలైంది. దాని స్థానంలో రైల్వేల సొంత సంస్థ ‘క్రిస్’ రూపొందించిన ‘కాన్సర్ట్’ 1994 సెప్టెంబరులో మొట్టమొదట సికింద్రాబాద్‌లో అమలైంది. 1999 ఏప్రిల్‌ నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకే వ్యవస్థగా కలిశాయి. అప్పటికి టికెట్ కావాలంటే కౌంటర్‌కు వెళ్లాల్సిందే. బయటివాళ్లకు ఆ యంత్రాల దాకా వెళ్లే దారి లేదు. గదికి తాళం, సిబ్బందికి పాస్‌వర్డ్ ఉంటే చాలావరకు సరిపోయేది.

2002 ఆగస్టు 3న ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది.  అంటే టికెట్‌ను కంప్యూటర్ ముందు కూర్చుని తీసుకునే వీలు వచ్చేసింది. ఆ దారి ప్రయాణికుడికి తెరుచుకుంటే దొంగకూ తెరుచుకున్నట్టే. అక్కడ ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే పని ఫైర్‌వాల్‌ది.

మూడు తరాల తనిఖీ

ఈ అవసరాన్ని ప్రపంచం అంతకు చాలా ముందే, 1988 నవంబరు 2న గుర్తించింది. కోర్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ‘వార్మ్’ తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకి, ఆనాటి ఇంటర్నెట్‌లో సుమారు ఆరు వేల కంప్యూటర్లను స్తంభింపజేసిందని అంచనా. ఆ రోజుల్లోనే డీఈసీ సంస్థ ఇంజనీర్లు ప్యాకెట్ ఫిల్టర్‌ను తయారుచేశారు. ప్రతి ప్యాకెట్ మీదా అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది, ఏ పోర్టు (సేవను సూచించే నంబరు) కోసం వచ్చింది అన్న వివరాలు ఉంటాయి. ఫిల్టర్ వాటిని చదివి, తన నియమాల జాబితాతో పైనుంచి కిందికి పోల్చి చూస్తుంది.

ఒక బ్యాంకు జాబితాలో మొదటి నియమం ఇలా ఉండవచ్చు: వెబ్ సర్వర్ 443వ పోర్టుకు ఎవరైనా రావచ్చు. రెండోది: ఖాతాల డేటాబేస్‌ను ఫలానా అప్లికేషన్ సర్వర్ తప్ప మరేదీ తాకకూడదు. చిట్టచివరి నియమం: పైన చెప్పనిదేదీ లోపలికి రాకూడదు. ఈ చివరి వాక్యమే మొత్తం జాబితాకు ప్రాణం.

ఇజ్రాయెల్ సంస్థ చెక్ పాయింట్ 1994లో తెచ్చిన ‘ఫైర్‌వాల్-1’ మరో మెట్టు ఎక్కింది. అది టికెట్ మాత్రమే చూసి వదిలేయకుండా, రిజర్వేషన్ చార్టుతో సరిచూసే టీటీఈ లాంటిది. లోపలి ఉద్యోగి ఏ సైట్‌ను పిలిచాడో పట్టికలో రాసుకుంటుంది. ఆ పిలుపుకు జవాబుగా వచ్చిన ప్యాకెట్‌ను రానిస్తుంది, పిలవకుండా వచ్చినదాన్ని ఆపేస్తుంది. 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ అందించే నాటికే ఈ పరిజ్ఞానం మార్కెట్లో ఉంది.

తర్వాత మెయిలు, వీడియో, గూఢచారి సాఫ్ట్‌వేర్ అన్నీ ఒకే 443వ పోర్టులో ప్రయాణించడం మొదలైంది. పోర్టు నంబరు చూసి మంచీచెడూ తేల్చడం కుదరలేదు. అందుకే 2007 నుంచి పాలో ఆల్టో నెట్‌వర్క్స్ వంటి సంస్థలు ప్యాకెట్ లోపల ఏ అప్లికేషన్ ఉందో, దాన్ని ఏ ఉద్యోగి వాడుతున్నాడో గుర్తించే కొత్త తరం ఫైర్‌వాళ్లను తెచ్చాయి.

హైదరాబాద్ నేర్పిన పాఠం

కాపలా కొరవడితే ఏమవుతుందో చూపిన ఉదంతం హైదరాబాద్‌లోనే జరిగింది. 2022 జనవరి 23, ఆదివారం. ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సర్వర్లలోకి చొరబడ్డ హ్యాకర్లు సుమారు 12.48 కోట్ల రూపాయలు మళ్లించారు. పోలీసుల దర్యాప్తు ప్రకారం దీనికి పునాది 2021 నవంబరులోనే పడింది. బ్యాంకు ఉద్యోగులకు మోసపు మెయిళ్లు వచ్చాయి, ఇద్దరు వాటిని తెరిచారు. దాంతో దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ట్రోజన్ లోపల చేరింది, కీబోర్డుపై కొట్టే ప్రతి అక్షరమూ దొంగల చేతికి చిక్కింది. రెండు నెలలకు పైగా వాళ్లు లోపలే తిరిగారు. తర్వాత డబ్బును కొన్ని ఖాతాల్లోకి, వాటి నుంచి 115 ఖాతాల్లోకి, అక్కడి నుంచి 398 ఖాతాల్లోకి పంచి, దేశవ్యాప్తంగా 938 ఏటీఎంల నుంచి తీయించారు.

బ్యాంకుకు సరైన ఫైర్‌వాల్ రక్షణ, చొరబాటును పసిగట్టే వ్యవస్థ లేవని హైదరాబాద్ పోలీసులు ప్రకటించారు. 2023లో రిజర్వ్ బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు పోయిన తీరూ ఇలాంటిదే. అక్కడ ఫైర్‌వాల్ లేదని దర్యాప్తు అధికారులు చెప్పారు. అక్కడి వారాంతపు సెలవును చూసుకునే దొంగలు పని కానిచ్చారు. రెండు చోట్లా దాడి జరిగింది ఆఫీసుల్లో మనుషులు లేని వేళ.

నిద్రపోని గది

ఈ లోటును పూడ్చేవే మేనేజ్డ్ సెక్యూరిటీ సేవలు. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ 1999లో స్థాపించిన కౌంటర్‌పేన్ వంటి సంస్థలు ఇతరుల నెట్‌వర్క్‌లకు అద్దె కాపలా కాయడాన్ని వ్యాపారంగా నిలబెట్టాయి. వాటి గుండెకాయ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అందరూ సాక్ అని పిలిచే గది. ఫైర్‌వాళ్లు, సర్వర్లు, ఉద్యోగుల కంప్యూటర్లు రాసే నమోదులు, అంటే లాగ్‌లన్నీ అక్కడికి చేరతాయి. ఉదాహరణకు, పగలు ఒకే శాఖ నుంచి పనిచేసే ఉద్యోగి పేరుతో ఆదివారం రాత్రి రెండు గంటలకు లాగిన్ పడిందనుకోండి. పది నిమిషాల్లో ఒక ఖాతా లావాదేవీల పరిమితి పెరిగింది. విడివిడిగా చూస్తే రెండూ మామూలు సంగతులే. పక్కపక్కన పెడితే ప్రమాద సూచన. షిఫ్టులో ఉన్న విశ్లేషకుడు దాన్ని గమనించి ఆ కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీస్తే, నష్టం అక్కడితో ఆగుతుంది.

పాత నియమాలను తొలగించడం, సకాలంలో లైసెన్సులు పునరుద్ధరించడం, సాఫ్ట్‌వేర్ సవరణలు వేయడం, బయటికి వెళ్లే సమాచారాన్ని కూడా తనిఖీ చేయడం ఈ సేవల్లో భాగం. లోపలి ట్రోజన్ తన యజమానిని పిలవాల్సింది బయటికి వెళ్లే దారిలోనే కాబట్టి, ఆఖరి పని ఎంతో ముఖ్యం.

ప్రభుత్వ నియమాలూ ఇదే బాట పట్టాయి. రిజర్వ్ బ్యాంకు 2016 జూన్‌లో షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులు సాక్ ఏర్పాటు చేసుకోవాలని ఆదేశించింది. సహకార అర్బన్ బ్యాంకులకు 2018లో కనీస ప్రమాణాలను, 2019 డిసెంబరులో నాలుగు అంచెల విధానాన్ని నిర్దేశించింది. సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తనకు చెప్పాలనీ, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఉత్తర్వులిచ్చింది. సెర్ట్-ఇన్ ఉత్తర్వులు సాధారణ వ్యాపార సంస్థలకూ వర్తిస్తాయి.

సొంతంగా సాక్ నడపాలంటే మూడు షిఫ్టులకు నిపుణులు కావాలి. చిన్న సహకార బ్యాంకుకో, ఆసుపత్రికో, రవాణా సంస్థకో అది తలకు మించిన ఖర్చు. ఒకే గది అనేక సంస్థలను కాపాడినప్పుడు ఆ ఖర్చు పంచుకున్నట్టవుతుంది. అయితే కాపలాను అప్పగించవచ్చు గానీ బాధ్యతను అప్పగించలేం. అర్ధరాత్రి అలారం మోగితే ఎవరికి ఫోన్ చేయాలి, సర్వర్‌ను ఆపే అధికారం ఎవరిది, వారాంతంలో ఎవరు పలుకుతారు అన్నవి ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఖాతాదారుల సొమ్మును కాపాడతామని మాట ఇచ్చిన ప్రతి సంస్థా ఆదివారం రాత్రి కూడా ఆ మాట మీద నిలబడాలి.