చెమటకాయలు: పౌడర్ కన్నా ముందు గాలి తగలాలి

ఎండలు ముదిరితే చాలు, మెడ వెనక, వీపు, చంకలు, నడుం దగ్గర నాడా బిగించే చోట ఎర్రటి సన్న పొక్కులు లేస్తాయి. ఒకటే దురద, మధ్యమధ్య సూదులతో గుచ్చినట్టు చురుకు. తెలుగులో చెమటకాయలు అంటారు, మన ఇళ్లలో గర్మీ దానే అంటారు. పేరు ఏదైనా జరిగేది ఒకటే. చెమటను బయటికి తెచ్చే సన్నటి నాళాలు మూసుకుపోతాయి. దారి లేక చెమట చర్మం లోపలే లీక్ అవుతుంది. ఆ మంటకు కారణం అదే.

మామిడిపండ్లు తింటే వేడి చేసి ఇవి వస్తాయని పెద్దవాళ్లు అంటుంటారు. పాపం పండు తప్పేమీ లేదు, అది దొరికే సీజనే అలాంటిది. నిజానికి మే ఎండ కన్నా జూన్ మొదట్లో మబ్బు పట్టి ఉక్కపోసే రోజుల్లో బాధ ఎక్కువ. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు. మచిలీపట్నం, విశాఖ వైపు ఇది ఎక్కువ రోజులు వేధించడానికి కారణం ఆ తేమే. ఇంట్లో కూలర్ కూడా అంతే. కిటికీ మూసి కూలర్ వేస్తే కాసేపటికి గదంతా తేమ నిండి ఒళ్లు జిడ్డుగా అవుతుంది. ఎదురుగా ఒక కిటికీ తెరిచి పెడితేనే దాని వల్ల లాభం.

మందు కన్నా ముందు ఒంటిని చల్లబరచాలి. మామూలు నీళ్లతో రోజుకు రెండుసార్లు స్నానం చేయండి, సబ్బు తక్కువ వాడండి. టవల్‌తో రుద్దకుండా అద్ది, ఫ్యాన్ కింద ఆరనివ్వండి. బాగా మండుతుంటే తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు వేసి ఉంచితే హాయిగా ఉంటుంది. ఐస్ నేరుగా పెట్టొద్దు. దురదకు కాలమైన్ లోషన్ పూసుకోవచ్చు, ఖర్చు కూడా తక్కువే. చల్లటి చోట ఉంటే చాలావరకు రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి.

కొబ్బరినూనె, వ్యాసెలిన్ లాంటివి మాత్రం పూయొద్దు. మూసుకున్న దారిని ఇంకా మూసేస్తాయి. పౌడర్ కూడా చెమట మీద చల్లితే ముద్దకట్టి అక్కడే కూర్చుంటుంది. నిమ్మకాయ రుద్దడం, గీరుకున్న చోట వేపాకు నూరి పట్టించడం వల్ల మంట పెరగడం తప్ప ఇంకేమీ ఉండదు.

బట్టలు వదులుగా, కాటన్‌వి ఉండాలి. బుర్ఖా పాలిస్టర్ గుడ్డ అయితే కనీసం లోపల వేసుకునేది పలచటి కాటన్ కుర్తా చూసుకోండి, ఇంటికి రాగానే తడిసిన బట్టలు మార్చేయండి. వీపుకు బ్యాగు తగిలించుకుని బండి మీద తిరిగే డెలివరీ కుర్రాళ్లు, దేగ్‌ల దగ్గర నిలబడే వంటవాళ్లు, లాడ్ బజార్ లక్క గాజుల కోసం బొగ్గుల కుంపటి ముందు కూర్చునేవాళ్లు పని మానలేరు. మధ్యలో ఒకసారి మెడ, వీపు కడుక్కుని ఒక పొడి బనియన్ మార్చుకున్నా చాలా తేడా ఉంటుంది.

పసిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు చెమట నాళాలు పూర్తిగా తయారై ఉండవు. చిల్లా అయ్యేదాకా తలుపులు మూసి, టోపీ, సాక్సులు, పైన దుప్పటి చుట్టి ఉంచితే ఎండాకాలంలో పొక్కులు రాక ఏమవుతాయి? బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. వేడిగా, చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి. పౌడర్ డబ్బా పక్కన పెట్టేయండి, ఆ పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది మెడికల్ షాపు కౌంటర్ దగ్గర. దురద అనగానే ఒక ట్యూబ్ చేతికొస్తుంది. దాని మీద క్లోబెటాసోల్, బెటామెథాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే నిబంధన పెట్టింది, అయినా అమ్ముతూనే ఉన్నారు. గజ్జల్లో, నడుం చుట్టూ వచ్చింది చెమటకాయలు కాక తామర అయితే ఈ క్రీమ్‌తో రెండు రోజులు తగ్గినట్టు కనిపించి, తర్వాత రెట్టింపు పాకుతుంది. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. గుర్తు ఏంటంటే, చెమటకాయలు విడివిడిగా సన్నగా ఉంటాయి. తామర గుండ్రంగా, అంచు ఉబ్బి, రోజురోజుకూ పెద్దదవుతుంది.

పొక్కుల్లో చీము పట్టినా, చుట్టూ వాచి నొప్పి పెడుతున్నా, జ్వరం వచ్చినా, చల్లగా ఉంచినా నాలుగైదు రోజుల్లో తగ్గకపోయినా డాక్టర్‌కు చూపించాలి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఎండలో పని చేసేవాళ్లకు చెమట పట్టడం ఆగిపోయి తల తిరిగినా, వాంతి వచ్చినా అది వడదెబ్బ కావచ్చు, వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి ఆసుపత్రికి తరలించాలి. ఇప్పటికే ఏదైనా క్రీమ్ రాసి ఉంటే ఆ ట్యూబ్ కూడా డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.