ఐరిష్ బాటలో వెన్నయు, బంగాళాదుంపయు

భోజనప్రియుల యాత్రలలో చరిత్ర యుండదని కొందఱందురు. ఐర్లండు దక్షిణభాగమున కార్కు నగరమునుండి స్కిబ్బరీను వఱకు సుమారు 80 కిలోమీటర్లు మోటారుబండిలో పోయిన నేను వారితో నేకీభవింపజాలను.

కార్కులోని ఇంగ్లీషు మార్కెట్టు 1788లో నేర్పడినది. అచ్చట నెత్తురుతో జేయు డ్రిషీను అను పదార్థమును రుచిచూచితిని, రెండవ మాఱడుగలేదు. దారిలో నొక పూటయింట సోడారొట్టె పెట్టిరి. దానికి పులియబెట్టు పని లేదు. మజ్జిగ పులుపును సోడాయుప్పును గలిసి పిండిని పొంగించును. పిదప కోల్కానను వచ్చినది. ఉడికించి మెదిపిన బంగాళాదుంపలో కోసుకూర గలిపి, నడుమ గుంటచేసి వెన్న వేయుదురు. మన ముద్దపప్పు నడుమ నేతిగుంటను దలచుకొంటిని.

కాని యా వెన్నయు నా దుంపయు నొక్క పళ్ళెరమున గలియుట పూర్వము పేదవానికి సులభము కాదు. 1770లో నెలకొన్న కార్కు వెన్నసంతనుండి పీపాలకొలది వెన్న యోడలెక్కెడిది. ఆవుగల రైతు వెన్నమ్మి శిస్తు కట్టి, తాను దుంపలును మజ్జిగయు ద్రావి బ్రదికెడివాడు. 1845లో దుంపకు తెగులు సోకినది; 1846లో పంట దాదాపు పూర్తిగా గుళ్ళిపోయినది. అపుడును వెన్నయు ధాన్యమును విదేశములకు బోవుచునే యుండెను. తెగులు దైవికమందును, కరవును మాత్రము దైవికమనజాలను.

ప్రభుత్వము తెప్పించిన మొక్కజొన్నను విసరుటకును వండుటకును అచ్చటివారికి దెలియదు. 1847 వేసవిలో గంజికేంద్రములు దినమునకు 30 లక్షలమందికి బెట్టినవి. అంతమందికి బెట్టగలమని తేలిన పిమ్మటనే, ఆ శరత్కాలమునకు వానిని మూసివేసిరి! పదిలక్షలమంది మరణించిరి; అంతకు మించినవారు దేశము విడిచిరి. 1841లో 81 లక్షలు దాటిన జనసంఖ్య 1851కి 65 లక్షలైనది.

స్కిబ్బరీను చెంతనున్న యాబీస్ట్రౌరీ శ్మశానమున 8,000 నుండి 10,000 మందిని పెట్టెలు లేకయే గోతులలో బూడ్చిరని యంచనా. నేడచ్చట పచ్చిక నున్నగా నున్నది. ప్రక్కనే యేరు పాఱుచున్నది.

ఆ యేండ్లలో లండను ఖజానా కార్యాలయమున సహాయకార్యమును నడిపినవాడు చార్లెసు ట్రెవిల్యన్. మన పెద్దలకు నాతని పేరు క్రొత్త కాదు. 1859లో నాతడే చెన్నపట్టణమునకు గవర్నరుగా వచ్చి, తెలుగు జిల్లాలను గూడ నేలినాడు.